పరదేశ మైత్రి – పత్రికల పక్షపాతము



నా బాల్యమున నాకు తర్కశాస్త్రము చెప్పిన గురువుగారు మొదటి దినముననే కొండమీది పొగను గూర్చి చెప్పిరి. ఆ యుదాహరణము శాస్త్రమున మిక్కిలి ప్రసిద్ధమైనది. కొండమీద పొగ కనబడుచున్నది. పొగ యున్నచోట నిప్పుండును. కావున కొండమీద నిప్పు కలదు. ఇంతవరకు పసిపిల్లవాడును గ్రహింపగలడు. గురువుగారు అంతటితో విడువక, “నాయనా, ఎదుటికొండ మీది పొగను చూచి నిప్పనుట సులభము. మన పెరటికొండ మీద అట్టి పొగయే లేచినప్పుడు దానిని మంచు అనకుండుట కష్టము. శాస్త్రము చదువుట ఆ రెండవదాని కొరకు” అనిరి. ఆ మాటలోని లోతు నాకు అప్పుడు తెలియలేదు. బడిలో చాలయేండ్లు చరిత్రపాఠములు చెప్పిన పిమ్మట, ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నవలన తెలిసినది. ఆ కథయే నేడు మీకు మనవి చేయదలచితిని.

వార్తాపత్రికలు చదువువారందరికిని ఒక విషయము అనుభవసిద్ధము. ఒక పక్షపు నాయకుడు పరదేశపు ప్రభువుతోనో, రాయబారితోనో చెలిమి చేసినయెడల, ఎదుటిపక్షపు పత్రికలు ద్రోహము ద్రోహమని కేకలు వేయును. తమ నాయకుడు అట్టి పనియే వేరొక దేశమువారితో చేసినయెడల, ఆ పత్రికలే దానిని రాజనీతి యనును, దూరదృష్టి యనును. లేదా ఏమియు అనక ఊరకుండును. ఇది మన కాలమున పుట్టిన వింత యని కొందరు తలతురు. అది సరికాదు. రెండువందల యేండ్లకు పూర్వము, అమెరికా సంయుక్త రాష్ట్రములు క్రొత్తగా ఏర్పడిన దినములలోనే ఇది పూర్ణరూపము దాల్చినది. దాని ఫలమెట్లుండునో ఆ పది పదునైదేండ్ల చరిత్ర మనకు తేటగా చూపుచున్నది.

1789వ సంవత్సరమున జార్జి వాషింగ్టను ఆ దేశమునకు మొదటి అధ్యక్షుడయ్యెను. ఆయన కొలువున ఇద్దరు మహామేధావులుండిరి. అలెగ్జాండరు హామిల్టను ధనశాఖకు మంత్రి. తామసు జెఫర్సను విదేశవ్యవహారములకు మంత్రి. క్రొత్త ప్రభుత్వమునకు దిగుమతి సుంకములే ముఖ్యమైన ఆదాయము. దిగుమతులలో అధికభాగము బ్రిటను నుండి వచ్చుచుండెను. కావున బ్రిటనుతో కలహము పెట్టుకొనిన ఖజానా ఎండిపోవునని హామిల్టను భయము. జెఫర్సను అట్లు తలపలేదు. స్వాతంత్ర్య యుద్ధమున ఫ్రాన్సు తమకు చేయి యిచ్చినది. 1778లో ఆ దేశముతో సంధి జరిగినది. ఆ ఋణము మరువరాదని ఆయన మతము. ఇరువురి మాటయందును న్యాయము కలదు. ఇరువురును దేశభక్తులే. హామిల్టను వెంట నడిచినవారు ఫెడరలిస్టులనబడిరి. జెఫర్సను వెంట నడిచినవారు రిపబ్లికనులనబడిరి. ఈ రిపబ్లికనులు వేరు, నేడు ఆ పేరుతో అమెరికాలో నున్న పక్షము వేరు. నేటి పక్షము 1854లో పుట్టినది.

పక్షములు రెండగుటతో పత్రికలును రెండయినవి. జాను ఫెన్నో అను బడిపంతులొకడు 1789లో “గెజిట్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్” అను పత్రికను స్థాపించెను. దానికి ప్రభుత్వపు అచ్చుపనియు, హామిల్టను ధనసహాయమును ఆధారమయ్యెను. 1791 అక్టోబరున ఫిలిప్ ఫ్రెనో అను కవి “నేషనల్ గెజిట్” అను పత్రికను ఆరంభించెను. అతనిని జెఫర్సను తన శాఖయందు భాషాంతరీకర్తగా నియమించి సంవత్సరమునకు 250 డాలర్లు జీతమిచ్చుచుండెను. 1792లో హామిల్టను మారుపేరుతో ఫెన్నో పత్రికలో ఒక లేఖ వ్రాసి, ప్రభుత్వపు జీతము తినుచు ప్రభుత్వమును తిట్టుట యే నీతి యని ఫ్రెనోను నిలవేసెను. ప్రశ్న సరియైనదే. కాని ఆ ప్రశ్న అచ్చయిన కాగితమునకు ఖర్చు ఎవరి చలవవలన వచ్చుచున్నదో ఆ లేఖలో లేదు.

ఇక పరదేశ మైత్రి కథకు వచ్చెదను.

1793 ఫిబ్రవరిలో ఫ్రాన్సుకును బ్రిటనునకును యుద్ధము పుట్టెను. ఏప్రిలులో ఫ్రెంచి రాయబారి జెనే అనునతడు చార్లెస్టను రేవున దిగెను. నడియీడు రానివాడు, దుడుకువాడు. అధ్యక్షుని దర్శనమైనను చేయకమునుపే అమెరికా రేవులలో ఓడలకు ఆయుధములు కూర్చి బ్రిటిషు ఓడలపైకి పంపసాగెను. వాషింగ్టను తటస్థతను ప్రకటించినను జెనే లక్ష్యపెట్టలేదు. రాజధానియగు ఫిలడెల్ఫియాలోనే, పట్టుబడిన బ్రిటిషు ఓడనొకదానిని యుద్ధనౌకగా మార్చి, వలదని చెప్పినను సముద్రము మీదికి పంపెను. అధ్యక్షుడు వినకున్న ప్రజలకే మొరపెట్టుకొందు ననియెను. ఫెడరలిస్టు పత్రికలు మండిపడినవి. ఆ మంటలో తప్పులేదు. జెనే నడత నిజముగా మర్యాదను మించినది.

హామిల్టను మైత్రి మాట యేమి? 1789 అక్టోబరులో, ధనశాఖ చేపట్టిన కొలది దినములకే, కెనడా నుండి బ్రిటిషు గవర్నరు డార్చెస్టరు ప్రభువు పంపిన మేజరు బెక్విత్తు అనునతనితో ఆయన రహస్యముగా సంభాషించెను. తమకు బ్రిటనుతోడి సంబంధమే యిష్టమని చెప్పెను. విదేశవ్యవహారములు ఆయన శాఖలోనివి కావు. బెక్విత్తు తన నివేదికలలో హామిల్టను పేరు వ్రాయక “7” అను అంకెను గురుతుగా వాడెను. 1794లో జాను జే అను న్యాయాధీశుడు లండనులో సంధికై మంతనములు జరుపుచుండగా, అమెరికా స్వీడను డెన్మార్కులతో కూడి ఆయుధములు పట్టదని హామిల్టను ఫిలడెల్ఫియాలోని బ్రిటిషు రాయబారి హేమండునకు తెలియజేసెను. తమ దూత చేతిలోని పాచికను ఆవలివానికి చూపుట వంటిదే యది.

నేను ఈ కథను పైతరగతి పిల్లలకు సాయంకాలములందు చెప్పుచుండెడివాడను. పాఠ్యపుస్తకమున దీనికి చోటు లేదు. చరిత్రయందు ఆసక్తి కలవారు పది పండ్రెండుగురు బడి విడిచిన తరువాత కూర్చుండెడివారు. నా మనస్సు జెఫర్సను వైపుననే యుండెడిది. స్వాతంత్ర్య ప్రకటనను వ్రాసినవాడాయన. పైగా మనము బ్రిటిషు పాలనను చవిచూచిన దేశమువారము. బ్రిటనుతో చేయి కలిపినవాడనిన మనకు సహజముగానే గిట్టదు. కావున జెనే కథను “యువకుని తొందరపాటు” అని నవ్వుచు చెప్పెడివాడను. “7” కథను గొంతు తగ్గించి, కనుబొమలు ముడిచి, గూఢచారుల కథవలె చెప్పెడివాడను.

ఒకనాడు వెనుకవరుసలోని బాలుడొకడు లేచి, “మాస్టారూ, జెనేతో జెఫర్సనుగారు ఏకాంతముగా మాటాడలేదా?” అని యడిగెను.

మాటాడెను. 1793 జూలై 5వ తేదీన జెనే జెఫర్సను నొద్దకు వచ్చి, కెంటకీ ప్రాంతపు జనులను కూర్చి స్పెయినువారి లూసియానాపై దండెత్తించు ఉపాయమును విప్పి చెప్పెను. మంత్రితో కాక మిత్రుడగు జెఫర్సనుతో చెప్పుచున్నా ననియెను. స్పెయినుతో అమెరికాకు యుద్ధము లేదు. అట్లు దండు కూర్చినవారికి ఉరి తప్పదని జెఫర్సను హెచ్చరించిన మాట నిజమే. అయినను జెనే పంపదలచిన మనిషికి కెంటకీ గవర్నరు పేర పరిచయలేఖను ఇచ్చెను. ఇదంతయు జెఫర్సను స్వయముగా వ్రాసికొన్న గురుతులలోనిదే. నేను ఎరుగుదును. ఎరిగియు పిల్లలకు చెప్పలేదు.

చెప్పితిని. అంతట ఆ బాలుడు, “అయితే మాస్టారూ, ఆయన మాటాడినది స్నేహమును, ఈయన మాటాడినది ద్రోహమును ఎట్లయినది?” అనెను.

నాకు జవాబు తోచలేదు. గంట కొట్టిన తరువాతను చాలసేపు కుర్చీలోనే యుంటిని. నలుబది యేండ్ల వెనుక గురువుగారు చెప్పిన పెరటికొండ ఆనాడు నాకు కనబడినది. శాస్త్రకారులు సవ్యభిచారమను హేత్వాభాసము నొకదానిని చెప్పిరి. సాధింపదలచిన విషయము లేనిచోటను ఉండు హేతువు దేనిని సాధింపలేదు. దీని నిక్కడ అన్వయింపుడు. తనవాని విషయమున “పరదేశపు చెలిమి యున్నను ద్రోహము లేదు” అని యొప్పుకొన్నవాడు, చెలిమి యున్నచోటనెల్ల ద్రోహముండదని తానే ఒప్పుకొన్నవాడగుచున్నాడు. ఇక ఆ చెలిమి నొక్కదానిని చూపి ఎదుటివానిని ద్రోహి యనుటకు అతనికి అధికారము లేదు. వేరొక సాక్ష్యము తేవలెను. నేను తేలేదు. ఆ కాలపు పత్రికలును తేలేదు.

ఆనాటి నుండి ఆ చరిత్రను మరల మొదటినుండి చదివితిని. ఈమారు రెండు పక్షముల మాటలను ఎదురెదురుగా రెండు వరుసలలో వ్రాసికొనుచు చదివితిని. కనబడిన వింత యిది.

1793, 94 సంవత్సరములలో బ్రిటిషు నౌకాదళము వెస్టిండీసు సముద్రమున సుమారు 250 అమెరికా వర్తకనౌకలను పట్టుకొనెను. రిపబ్లికను పత్రికలు ప్రతీకారము, ప్రతీకారమని ఘోషించినవి. ఫెడరలిస్టులకును కోపము వచ్చినది గాని, తొందరపడరాదు, రాయబారిని పంపవలెను, ఓర్పు వహింపవలెనని వారు బోధించిరి. ఆ రాయబారమే జాను జేది. మూడేండ్లు గడచినవి. 1797 నాటికి ఫ్రెంచివారు 300కు పైగా అమెరికా నౌకలను పట్టుకొనిరి. ఇప్పుడు ప్రతీకారమని ఘోషించినవారు ఫెడరలిస్టులు. తొందరపడరాదు, రాయబారిని పంపవలెను, ఓర్పు వహింపవలెనని బోధించినవారు రిపబ్లికనులు. నౌకలు అవే, సముద్రమదియే, నష్టపోయిన వర్తకులును ఆ దేశమువారే. నాటకమున పాత్రధారులు వేషములు మార్చుకొన్నట్లు, వాక్యములు ఒకరివి ఒకరికి మారినవి.

జే చేసిన సంధిని సెనేటు 1795 జూన్ 24వ తేదీన ఇరువది ఓట్లకు పది ఓట్లతో అంగీకరించెను. సంధిపత్రము రహస్యముగా నుంచబడినది. దానిని వర్జీనియా సెనేటరొకడు బయటపెట్టగా “అరోరా” పత్రికాధిపతి బెంజమిన్ బేచి అచ్చువేసి ఊరూర పంచెను. బేచి సామాన్యుడు కాడు. సుప్రసిద్ధుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు దౌహిత్రుడు. జనులు వీథులలో జే బొమ్మలను తగులబెట్టిరి. న్యూయార్కున సంధిని సమర్థింపబోయిన హామిల్టనుపై రాళ్లు రువ్విరి. రహస్యపత్రము వెల్లడియగుట ప్రజల హక్కని రిపబ్లికనులు మెచ్చుకొనిరి. రాజ్యధర్మమునకు భంగమని ఫెడరలిస్టులు నిందించిరి.

ఒక నెల తిరిగినదో లేదో, మరియొక రహస్యపత్రము వెల్లడియైనది. జెఫర్సను తరువాత విదేశమంత్రి యయిన ఎడ్మండు రాండాల్ఫు ఫ్రెంచి రాయబారితో మాటాడిన మాటలను ఆ రాయబారి తన ప్రభుత్వమునకు వ్రాసికొనెను. ఆ ఉత్తరములున్న నౌకను బ్రిటిషువారు సముద్రముపై పట్టుకొనిరి. లండను నుండి అవి హేమండునకు చేరెను. హేమండు వానిని హామిల్టను వెనుక ధనమంత్రి యయిన వుల్కాటు చేతికిచ్చెను. రాండాల్ఫు ఫ్రెంచి ధనము కోరినాడన్నట్లు ఆ లేఖలలో ధ్వనించుచుండెను. వాషింగ్టను 1795 ఆగస్టు 19న ఆ కాగితమును రాండాల్ఫు ముందుంచగా, అతడు ఆ దినముననే పదవి విడిచెను. లంచము ఋజువు కాలేదు. అతని ప్రతిష్ఠ మాత్రము మరల లేవలేదు. ఫ్రెంచివారితో మాటాడెనని ఒక మంత్రి పోయెను. బ్రిటిషు రాయబారి యిచ్చిన దొంగిలించిన ఉత్తరములను పుచ్చుకొన్న మంత్రి పదవిలోనే యుండెను. నెలక్రిందట రహస్యభంగమును తూలనాడిన పత్రికలకు ఈ రహస్యభంగము కంటబడలేదు.

1796లో అధ్యక్షపదవికి ఎన్నిక వచ్చెను. ఫ్రెంచి రాయబారి తన లేఖలను బేచి పత్రికలో ప్రకటింపజేసి, జెఫర్సను గెలువనియెడల ఫ్రాన్సు కినియునని సూచించెను. పరదేశీయుడు మన ఎన్నికలో తలదూర్చుటయా అని ఫెడరలిస్టులు ఆగ్రహించిరి. ఆగ్రహింపదగినదే. జాను ఆడమ్సు 71 ఓట్లతో గెలిచెను. జెఫర్సను 68 ఓట్లతో ఉపాధ్యక్షుడయ్యెను. కాని ఆ సంవత్సరముననే ఫిలడెల్ఫియాలో విలియం కాబెట్ అను ఇంగ్లీషువాడు పుస్తకముల అంగడి తెరచి, కిటికీలో ఇంగ్లండు రాజగు మూడవ జార్జి పటమును వ్రేలాడదీసెను. మరుసటి యేడు ముళ్లపంది పేరుతో పత్రిక స్థాపించి రిపబ్లికనులను తిట్టసాగెను. అతడు అమెరికా పౌరుడు కాడు.  పరదేశీయులు తలదూర్చరాదన్న ఫెడరలిస్టులు ఆ ముళ్లపంది ముళ్లను చదివి కడుపార నవ్వుకొనిరి.

ఇట్లు ఏడెనిమిదేండ్లు జరిగిన పిమ్మట మాటలు చట్టములైనవి. న్యాయశాస్త్రమున చర్చ మూడు విధములు. సత్యమునకై చేయునది వాదము. గెలుపునకై చేయునది జల్పము. తన పక్షమును నిలుపుకొను చింత లేక ఎదుటిదానిని పడగొట్టుటయే పనిగా చేయునది వితండ. వితండకు మించిన నాల్గవదానిని శాస్త్రము చెప్పలేదు. అది ఎదుటివాని నోరు మూయించుట. 1798లో అమెరికా ఆ నాల్గవ మెట్టునకు చేరినది.

కారణమేమనగా, ఆడమ్సు పంపిన ముగ్గురు రాయబారులను పారిసులో ఫ్రెంచి విదేశమంత్రి టాలీరాండు మనుష్యులు కలిసికొని, మాటలు సాగవలెనన్న మంత్రికి 50,000 పౌనులు లంచమును, ఫ్రాన్సునకు పెద్ద అప్పును ఇయ్యవలెనని కోరిరి. ఆడమ్సు మొదట ఆ కాగితములను బయటపెట్టలేదు. ఆయన యేదో దాచుచున్నాడు, చూపవలసినదేయని రిపబ్లికనులు పట్టుబట్టిరి. 1798 ఏప్రిలులో ఆయన చూపెను. చూపుమన్నవారి నోట మాట రాలేదు. తమ మిత్రదేశము చేసిన ఈ హీనకార్యమును ఉన్నదున్నట్లు ఖండించుటకు వారి పత్రికలకు మనసొప్పలేదు. ఇది టాలీరాండు చేతగాని బంట్ల పని, ఫ్రాన్సు చేసినది కాదు అని సర్దుకొనినవి. జూన్ 16న బేచి టాలీరాండు లేఖ నొకదానిని, అధ్యక్షుడు ప్రతినిధి సభకు పంపక పూర్వమే, తన పత్రికలో ప్రకటించెను. అంతట అతడు ఫ్రాన్సు కూలివాడని గోల పుట్టినది. పది దినములకు అతనిని నిర్బంధించిరి.

జూలై 14వ తేదీన ఆడమ్సు సెడిషను చట్టముపై సంతకము చేసెను. ప్రభుత్వమును, అధ్యక్షుని, శాసనసభలను దురుద్దేశముతో అబద్ధముగా నిందించినవారికి రెండేండ్ల చెరయు, 2,000 డాలర్ల జరిమానాయు వరకు శిక్ష. ఈ చట్టమును శ్రద్ధగా చదువుడు. అధ్యక్షుని దూషింపరాదు. సెనేటును దూషింపరాదు. ఉపాధ్యక్షుని మాట మాత్రము అందులో లేదు. ఏలయనగా ఉపాధ్యక్షుడు జెఫర్సను! చట్టము 1801 మార్చి 3న, ఆడమ్సు పదవీకాలపు కడపటి దినమున, తనంతట తాను ముగియునట్లు వ్రాయబడినది. తరువాత వచ్చువారు దానిని తమపై వాడకుండునట్లు చట్టమునకే గడువు పెట్టిరి. ఇంతకంటె స్పష్టముగా పక్షపాతమును ఎవరును శాసనరూపమున వ్రాసి యుండరు. దానిక్రింద శిక్షపడినవారు రిపబ్లికను పక్షమువారే. వెర్మాంటు ప్రతినిధి మాత్యూ లయను నాలుగు నెలలు చెరసాలలో నుండెను. ప్రజలు అతనిని చెరసాలలో నుండగనే మరల ఎన్నుకొనిరి.

ఆ యేటనే జార్జి లోగను అను రిపబ్లికను వైద్యుడు తన ఖర్చుతో ఫ్రాన్సునకు పోయి శాంతికై ప్రయత్నించి వచ్చెను. అధికారము లేనివాడు పరప్రభుత్వముతో మంతనములాడుటయా అని ఫెడరలిస్టులు 1799 జనవరిలో అతని పేరిటనే నేటికిని పిలువబడు చట్టమును చేసిరి. ఆ చట్టముక్రింద ఇంతవరకు ఒక్కనికిని శిక్ష పడలేదు. 1789లో తన శాఖకు చెందని విషయమున బెక్విత్తుతో మంతనములాడిన “7” ఎవరో అప్పటికి లోకమునకు తెలియదు. ఆ నివేదికలు చాలకాలమునకు గాని బ్రిటిషు ప్రభుత్వపు దస్తరములనుండి వెలికి రాలేదు. జెఫర్సను జూలై 5వ తేదీ మాటలును అట్లే ఆయన కాగితములలో దాగియుండెను. దీనినిబట్టి నాకు తోచినదేమనగా, పదేండ్లు గొంతు చించుకొన్న ఆ పత్రికలు అడుగవలసిన ముఖ్యమైన ప్రశ్నలను తమవారిని ఏనాడును అడుగలేదు. ఎదుటివారు అడుగగా అది శత్రువుల కూతయని కొట్టివేసినవి. అరుపు పెరిగినకొలది నిజము మరుగునపడెను.

ఇక నాకు మిక్కిలి దుఃఖము కలిగించిన ఘట్టము చెప్పెదను. 1798 వేసవిలో ఫిలడెల్ఫియాకు పచ్చజ్వరము వచ్చెను. ఊరు విడువగలవారు విడిచిపోయిరి. పత్రికలవారు అచ్చుయంత్రములకడ నిలిచిరి. సెప్టెంబరు 10న బేచి మరణించెను, వయస్సు ఇరువదితొమ్మిది, న్యాయస్థానమున విచారణయైనను కాలేదు. నాలుగు దినములకు, 14వ తేదీన, ఫెన్నో మరణించెను. ఒకరినొకరు పరదేశముల బానిసలని సంవత్సరములపాటు తిట్టుకొన్న ఇద్దరును ఒకే ఊరిలో, ఒకే రోగముతో, ఒకే వారములో పోయిరి. బేచి పత్రికను అతని భార్యయు, ఫెన్నో పత్రికను అతని కుమారుడును నిలిపిరి. తిట్లు మరల మొదలైనవి.

కొన్నియేండ్లకు చక్రము తిరిగినది. 1801లో జెఫర్సను అధ్యక్షుడయ్యెను. సెడిషను చట్టమును ఖండించిన ఆయనయే 1803లో పెన్సిల్వేనియా గవర్నరునకు లేఖ వ్రాయుచు, హద్దుమీరిన పత్రికలవారిని కొందరిని రాష్ట్ర న్యాయస్థానములలో శిక్షింపజేసిన మేలని సూచించెను. ఆ సంవత్సరముననే న్యూయార్కు రాష్ట్రమున జెఫర్సనును నిందించిన క్రాస్వెలు అను ఫెడరలిస్టు సంపాదకునిపై విచారణ జరిగెను. వ్రాసినది నిజమని నిరూపింపనిండని అతడు వేడగా, నిజమైనను కాకున్నను ఒకటేయని న్యాయాధీశుడు త్రోసివేసెను. 1804లో పై న్యాయస్థానమున అతని పక్షమున వాదించినవాడు హామిల్టను. సత్యమును సదుద్దేశముతో ప్రకటించినవానిని శిక్షింపరాదని ఆయన ఆనాడు చేసిన వాదము ఆయన జీవితమున గొప్ప పనులలో నొకటి. న్యాయాధీశులు ఇద్దరిద్దరుగా చీలినందున క్రాస్వెలునకు అప్పుడు గెలుపు రాలేదు. కాని 1805లో న్యూయార్కు శాసనసభ ఆ న్యాయమునే చట్టము చేసెను. పత్రికాస్వాతంత్ర్యమును పొగడినవారు దండము పట్టిరి; దండము పట్టినవారి నాయకుడు పత్రికాస్వాతంత్ర్యమును కాపాడెను. ఎవరు చేసికొన్న కఱ్ఱ వారి వీపుననే పడెను.

అయితే ఆ కాలమున ఒకే త్రాసుతో తూచినవారే లేరా? కలరు. జెనే హద్దుమీరినప్పుడు అతనిని వెనుకకు పిలిపింపవలెనని కోరిన మంత్రులలో జెఫర్సనును ఒకడు; ఆ ఉత్తరము వ్రాసినదియు ఆయనయే. ఫ్రాన్సున ప్రభుత్వము మారి జెనేను బంధించి పంపుడని కోరినప్పుడు, అతని వలన అంత బాధపడిన వాషింగ్టను అతనిని అప్పగింపలేదు. జెనే న్యూయార్కున వ్యవసాయము చేసికొని 1834 వరకు జీవించెను. ఆడమ్సు సైతము, తన పక్షమువారు యుద్ధము యుద్ధమనుచుండగా, ఫ్రాన్సునకు మరల రాయబారులను పంపి 1800 సెప్టెంబరున సంధి కుదిర్చెను. ఆయన పక్షమువారే ఆయనను దూషించిరి. హామిల్టను ఆయనపై ఒక పుస్తకమే అచ్చువేసెను. ఎన్నికలో ఆయన ఓడెను. స్వపక్షమున పొగను పొగ యన్నవారికి లభించు బహుమానము సాధారణముగా ఇట్టిదే.

పరదేశపు చెలిములన్నియు సమానములని నేను చెప్పుట లేదు. కొన్ని చెలిములు దేశమునకు మేలు; కొన్ని కీడు; కొన్ని నిజముగా ద్రోహము. జెనే చేసినది తప్పు. టాలీరాండు కోరినది లంచమే. కోపింపదగినచోట కోపింపకుండుటయు ధర్మము కాదు. కాని సంతలో కొనునప్పుడు ఒక రాయియు, అమ్మునప్పుడు వేరొక రాయియు వాడు వర్తకుని మనము ఏమందుమో, కోపమును అట్లు తూచువానిని అట్లే అనవలెను. అట్టి కోపము వలన కలుగు నష్టము ఎదుటివానికి మాత్రమే కాదు. నిజమైన ద్రోహము జరిగిననాడు జనులు దానిని నమ్మరు. ప్రతిదినము పులి పులి యని అరచినవాని మాటకు, పులి వచ్చిననాడు ఎవరును కఱ్ఱ తీసికొని రారు.

ఆ బాలుని ప్రశ్న తరువాత నా సాయంకాలపు తరగతిలో ఒక క్రొత్త పద్ధతి పెట్టితిని. పత్రికలోని వార్తనొకదానిని తీసికొని, అందలి నాయకుల పేర్లను, పక్షముల పేర్లను, దేశముల పేర్లను కొట్టివేసి నల్లబల్లపై వ్రాసెడివాడను. “ఒక నాయకుడు ఒక పరదేశపు ప్రభువును కలిసికొని యిట్లు మాటాడెను” అని మాత్రముండును. తప్పా ఒప్పా అని పిల్లలు మొదట తీర్పు వ్రాయవలెను. తరువాత పేర్లు చెప్పెడివాడను. పేర్లు విన్నంతనే సగముమంది తమ తీర్పును దిద్దుకొనుటకు కలమెత్తెడివారు. దిద్దనిచ్చెడివాడను కాను. “నాయనలారా, ఏ తీర్పును దిద్దవలెనని మీ చేయి పోవుచున్నదో అది మీ పెరటికొండ” అని చెప్పెడివాడను.

నేను పదవి విరమించి చాలయేండ్లయినది. ఇప్పటికిని ఉదయమున పత్రిక విప్పినప్పుడు నా చేయియు అట్లే కలము కొరకు పోవుచుండును. ఆ సమయమున వెనుకవరుసలోని ఆ బాలుడు లేచి నిలిచినట్లుండును. వాని ప్రశ్నకు నేను ఆనాడు జవాబు చెప్పలేదు. నేటి ప్రసంగమే ఆ జవాబు. వాడెక్కడనున్నను విని యుండునని నా ఆశ.

సెలవు.